అట్టల మీద సూర్యుడు

మా సందులో డ్రాయింగు మాస్టారు ప్రణబేశ్ చేత కుంచె కింద పెట్టించిన మొనగాడు హరిసాధన్ కుండు ఒక్కడే. ఆ సరస్వతీ పూజనాడు నేను కళ్ళారా చూశాను. నా బజ్జీల మూకుడు పూజ పందిరికి ఎదురుగానే కదా.

పందిట్లో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టడం కలకత్తాలో ప్రతి సందుకూ ఉన్న జబ్బే. పిల్లలు చాపల మీద కూర్చుని గీస్తుంటే తాడు అవతల తల్లులు నిలబడి, "నీలం, ఒసేయ్, ఆకాశానికి నీలం" అని గొంతులు చించుకుంటారు. చివర్లో డ్రాయింగు మాస్టారు చాపల మధ్యకు వచ్చి, తన దగ్గర నేర్చుకునే పిల్లల బొమ్మలకు ఇక్కడో నీడ, అక్కడో మెరుపు దిద్దిపోతాడు. అది తప్పని ఎవరూ అనుకోరు. పెళ్ళికూతురికి ఆఖర్న బొట్టు సరిచేయడం లాంటిది.

ఆ ఏడు పోటీ పెట్టించింది హరి. పాత ఇంగ్లీషు పాటల రికార్డులమ్మే మనిషి కాబట్టి రికార్డుల అట్టల మీది బొమ్మలే గీయించాడు. తుల్తులి అనే ఏడేళ్ళ పిల్ల, నలుగురు దొరలు వరసగా రోడ్డు దాటే అట్ట గీసింది. మాస్టారు వంగి ఒక దొర కాలికి నీడ వేయబోయాడు.

"ఆ చెయ్యి తీయండి మాస్టారూ," అన్నాడు హరి.

"కాలు వంకరగా ఉందయ్యా. సరిచేస్తున్నా."

"దాని దొర, దాని కాలు. వంకరగానే నడవనివ్వండి."

"రికార్డులు తుడుచుకునేవాడివి, బొమ్మల సంగతి నాకు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? సరిచేసుకోండి. కింద పేరు మాత్రం మీదే రాయండి. ప్రణబేశ్ లాహిరి, వయసు ఏడు, రెండో తరగతి."

తల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ప్రైజుగా మాస్టారికి రంగుపెన్సిళ్ళివ్వండి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మాస్టారు కుంచెను నీళ్ళ గ్లాసులో పడేసి వెళ్ళిపోయాడు. పసిదాని పక్షం మాట్లాడాడని హరికి నేను ఆ సాయంత్రం వేడి వేడి వంకాయ బజ్జీలు పెట్టాను. ఎందుకు మాట్లాడాడో నాకప్పటికి తెలియదు.

హరి కొట్టంటే మెట్ల కింద గది. నా పక్కనే. పెళ్ళి చేసుకోలేదు. రికార్డులే పెళ్ళాం, పిల్లలూ. కొట్లో సగం వాటా చనిపోయిన అన్నగారి కొడుకు శౌభిక్‌ది. వాడు బర్ద్వాన్‌లో మొబైల్ ఫోన్ల వ్యాపారం చేస్తాడు. మా సందులో ప్రతి వానాకాలం మోకాలి లోతు నీళ్ళొస్తాయి. పోటీకి ముందటి వానల్లో నీళ్ళు అరల్లోకి ఎక్కి, రికార్డుల అట్టలన్నీ నానబెట్టిన అటుకుల్లా అయిపోయాయి. రికార్డులకేం, తుడిస్తే మళ్ళీ పాడాయి. బట్టల్లేకుండా నిలబడ్డట్టున్నాయి, అంతే.

అప్పుడు పిల్లల్ని పోగేశాడు. ఏ అట్ట మీద ఏముండేదో నోటితో చెప్తాడు, వాళ్ళు రంగుబలపాలతో లావుగా గీస్తారు. గాజు ముక్కలోంచి వెలుతురు ఏడు రంగులై వచ్చే అట్టను గీయమంటే ఒకడు సమోసా గీసి దానికి ఇంద్రధనుస్సు తగిలించాడు. నీళ్ళలో ఈదే దిగంబర పసివాడికి తుల్తులి చెడ్డీ తొడిగింది. ఒకే ఒక్క అరటిపండు ఉండాల్సిన అట్ట మీద గెల గెలంతా వచ్చింది. ఒక్క పండు ఎవరమ్ముతారని గీసినవాడి వాదన. రోడ్డు దాటే దొరల్లో చెప్పుల్లేనివాడికి చెప్పులొచ్చాయి.

"ఇదేం దొరరా, మా చేపల బజారు సుబల్‌లా ఉన్నాడు," అనేదాన్ని నేను.

"సుబల్ కన్నా బాగానే పాడతాడులే దిదీ," అనేవాడు హరి.

కాలేజీ పిల్లలు వచ్చి ఫొటోలు తీసుకుని, బొమ్మ కోసమే రికార్డు కొనుక్కుపోయేవాళ్ళు. నాకు అర్థం కానిది ఒకటే. పై అరల్లో తడవని అట్టలున్నాయి, చక్కగా మెరుస్తున్నవి. వాటినీ తీసేసి పిల్లల బొమ్మలే పెట్టాడు. అడిగితే, "పాతవి బూజు పడతాయి," అన్నాడు. నేను నమ్మాను. వాసన చూసి కుళ్ళిన బంగాళాదుంప చెప్పగలదాన్ని, ఇది మాత్రం పట్టుకోలేకపోయాను.

ఉన్న బొమ్మలు అమ్ముడైపోయి, ఈ ఏడు దుర్గా పూజ ముందు కొత్తవి గీయించాడు. అది పోటీల కాలం. ప్రణబేశ్ మాస్టారు పిల్లల చేత రాత్రింబవళ్ళు ఒకే బొమ్మ గీయిస్తున్నాడు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె. కలకత్తాలో కొండ చూసిన పిల్ల లేదు, అయినా చేతులు అలా అలవాటు పడిపోయాయి. దొరలున్నా, అరటిపళ్ళున్నా, సమోసా ఉన్నా, ప్రతి అట్ట మీదా కొండలు, సూర్యుడు, గుడిసె దిగాయి. "మార్కులు వాటికే పడతాయి మాషీ," అంది తుల్తులి నాతో.

ఆ తర్వాతే తప్పులు మొదలయ్యాయి. పాత గిరాకీ సుబీర్ బాబు ఒక మధ్యాహ్నం రికార్డు పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఏం హరీ, నిద్రపోతున్నావా? నేనడిగింది రోడ్డు దాటేవాళ్ళని. ఇంట్లో పెడితే ఇంకెవరో అరుస్తున్నారు. ఇది మొదటిసారి కూడా కాదు."

"అట్ట చూసే ఇచ్చాను బాబూ."

సుబీర్ బాబు అట్ట ఎత్తి పట్టాడు. "అయితే దీని మీద ఏముందో చెప్పు."

"నలుగురు మనుషులు. రోడ్డు దాటుతున్నారు."

దాని మీద అరటిగెల ఉంది. వెనక కొండలు, సూర్యుడు. సుబీర్ బాబు నా వంక చూశాడు. నేను మూకుడు వంక చూశాను. అతను అట్ట మెల్లగా చంకలో పెట్టుకుని, "అవునవును, నాదే పొరపాటు," అని తనకక్కర్లేని రికార్డు తీసుకుని వెళ్ళిపోయాడు.

నూనె కింద మంట తగ్గించి కొట్లోకి వెళ్ళాను.

"ఎప్పట్నుంచి?"

"ఏది ఎప్పట్నుంచి?"

"నా దగ్గర వేషాలెయ్యకు. నా ముఖమైనా కనిపిస్తోందా?"

"నీ ముఖం కనపడకపోయినా నష్టం లేదులే దిదీ, గొంతు చాలు." నేను నవ్వలేదు. అప్పుడు చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. డాక్టరు చేతులెత్తేశాడట. అచ్చు బొమ్మలు మసకైపోయాక పిల్లల లావు గీతలొక్కటే కంటికి ఆనేవట. "నీడలు దిద్దితే బొమ్మ కరిగిపోతుంది. అందుకే ఆ రోజు మాస్టారితో గొడవపడ్డాను. ఇప్పుడు ఏ అట్ట ఎత్తినా ఒక పచ్చటి గుండ్రం, కింద రెండు మూపురాలు. అన్నీ ఒకటే."

"పిల్లలకు చెప్పొచ్చుగా, సూర్యుణ్ణి మానేయమని?"

"ఎందుకని అడుగుతారు. పిల్లలకు తెలిస్తే సందుకంతా తెలుస్తుంది. సందుకు తెలిస్తే బర్ద్వాన్‌కు తెలుస్తుంది."

బాబాయి చూపు మీద శౌభిక్‌కు అనుమానం ఉంది, ముందే చెప్పాడు: కళ్ళు పోయిన రోజున కొట్టు మూసి, రికార్డులు తూకానికేసి, బాబాయిని తీసుకుపోతానని. వాడు చెడ్డవాడు కాడు. పోయిన నెల హరి ట్రాము పట్టాల మీద పడ్డాడని తెలిసి, రాత్రి బస్సెక్కి వచ్చి మోకాలికి పసుపు పట్టు వేసిపోయాడు. ఆ మోకాలు నేనూ చూశాను. నిజం చెప్పొద్దూ, వాడిదే సబబేమోనని నాకూ అనిపించింది. కానీ బర్ద్వాన్ ఇంట్లో వెనక గదిలో ఈ మనిషి చేతులు ఏం చేస్తాయి? ఇక్కడ దుమ్ము తుడుస్తాయి, పిల్లల తలలు నిమురుతాయి.

"లక్ష్మీ పూజ వెళ్ళగానే శౌభిక్ వస్తాడు," అన్నాడు హరి. "నన్నడగడు. నేను అబద్ధమాడతానని వాడికి తెలుసు. నిన్నడుగుతాడు."

"నన్నెందుకు?"

"ఈ సందులో ఎవరికీ తీపి మాట చెప్పనిదానివి నువ్వొక్కదానివే. నువ్వు ఏది చెప్తే అది నమ్ముతాడు."

అతని చెయ్యి బల్ల మీద నా చెయ్యి కోసం వెతికింది. బజ్జీల పళ్ళేనికి తగిలి ఆగింది.

"మీ బాబాయికి బాగానే కనిపిస్తోంది అని చెప్పు దిదీ. ఈ ఒక్క చలికాలం వరకూ."