పండినయ్ అంటే పండాయని రాసుకున్నారు

మా ఇంటి ఓనరు పోయారు. రెండు వారాల కిందట, పొద్దున్నే నల్లా దగ్గర బిందె నింపుతూ కూలబడ్డారట. మాదాపూర్‌లో నేను ఆఫీసు మెట్లెక్కేసరికి మా ఆయన ఫోను చేశాడు, దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందని. ఆ క్షణాన నాకు తట్టిన మొదటి మాట చెబితే మీరు తప్పు పట్టొచ్చు. ‘అయ్యో, ఆ పుస్తకంలో తప్పు అలాగే ఉండిపోయిందే’ అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది.

మియాపూర్‌లో ఆయన ఇంటి పైవాటాలో మూడేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. నగరానికి అవతలి అంచున ఉన్న ఒక మిలటరీ డిపోలో ఆయన మెకానిక్. సైనికుడు కారు, సైన్యం లారీలూ అంబులెన్సులూ బాగుచేసే సివిలియన్ ఉద్యోగి. మేం గోదావరి జిల్లా వాళ్లం, ఆయనది ఈ చుట్టుపక్కల ఊరే. దిగిన మొదటివారం ఆయన మెట్ల కింద నిలబడి, “పాప పండిందా బిడ్డా?” అని అడిగారు. నేను బిత్తరపోయాను. పాప పండటమేమిటి, మామిడికాయా? వాళ్లావిడ ఒకటే నవ్వు. “పండిందా అంటే నిద్రవోయిందా అని. మా దిక్కు పండుడంటే గంతే.” అప్పటి నుంచి ఆయన నాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు.

నడిపి చూడందే ఏ వస్తువునూ బాగుందనేవారు కాదు బాబాయిగారు. మేం కొత్త ఫ్యాను తెస్తే గంటసేపు తిప్పి, మోటారు మీద చెయ్యి పెట్టి, అప్పుడు “ఆఁ, నడుస్తది” అన్నారు. మా ఆయన స్కూటరు పొద్దున్నే ఓసారి తన్ని చూడందే చాయ్ తాగేవారు కాదు. “స్టార్టయితెనే బండి. లేకుంటె ఇనుము” అనేవారు. బాగున్నారా అని అడిగితే నిజంగానే కాసేపు ఆలోచించి, మోకాలు తప్ప మిగతాది బాగుందని జవాబు చెప్పేవారు. అలాంటి మనిషి నోట అబద్ధం పలికించారు.

సైన్యానికి మనుషులు చాలినంతమంది ఉన్నారా, బండ్లూ ఆయుధాలూ పనిచేస్తున్నాయా, రేపు అవసరం పడితే కదలగలరా అని అడిగి తేల్చడానికి పార్లమెంటులో ఎంపీల కమిటీ ఒకటి ఉంటుంది. రెండేళ్ల కిందట చలికాలం ఆ కమిటీ వాళ్లు కొందరు డిపో చూడటానికి వచ్చారు. వస్తున్నారని నెల ముందే తెలిసింది. ఇంకేముంది, సున్నాలు, రంగులు, టైర్లకు నల్ల పాలిషు! మెకానిక్కుల పోస్టులు సగం ఖాళీగా ఉన్నాయని తెలిస్తే బాగుండదని, తోటమాలులకూ వంటవాళ్లకూ నీలం డ్రస్సులు తొడిగి, చేతికో పానా ఇచ్చి బండ్ల పక్కన నిలబెట్టారు. పనిచేసే బ్యాటరీలు నాలుగో అయిదో ఉంటే, కమిటీ ఒక వరసలో నడుస్తుంటే వెనక వరసలోంచి వాటిని విప్పి ముందు వరసకు మోశారు. ఇదంతా బాబాయిగారు చెబుతుంటే నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “మోసినోళ్లల్ల నేనున్న బిడ్డా. సిగ్గయింది” అన్నారు.

ఆ వచ్చిన వాళ్లలో ఒకాయన మా కోస్తా వైపు ఎంపీ. బాబాయిగారి దగ్గర ఆగి, భుజం మీద చెయ్యివేసి, “ఏవండీ పెద్దాయనా, బండ్లన్నీ ఎలా ఉన్నాయండీ?” అని తెలుగులో పలకరించాడట. పక్కన ఆఫీసర్లు. బాబాయిగారు గొంతు తగ్గించి, “అన్ని పండినయ్ సార్” అన్నారు. మూలనపడి ఉన్నాయి, లేవవు అని.

“పండాయా! భేష్, చాలా సంతోషమండీ!” అని ఆ పెద్దమనిషి చెయ్యి కలిపి ముందుకు వెళ్లిపోయాడు. వెనకాల కమిటీ గుమాస్తా పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం బాబాయిగారి మొహం చూడాలి. ఉద్యోగం ఊడినా సరే అన్నట్టు ఉన్నారు. “చెప్పిన బిడ్డా. మొఖం మీదనే చెప్పిన. రాసుకున్నరు గూడ” అని పిన్నిగారి చేత మాకందరికీ చాయ్ పెట్టించారు. సంతోషమండీ అని ఎందుకన్నాడో ఆయనకూ అంతుపట్టలేదు. ధైర్యంగా చెప్పినందుకు మెచ్చుకున్నాడనుకున్నారు పాపం.

కొన్ని నెలలకు కమిటీ నివేదిక అచ్చయింది. డిపో యూనియన్ వాళ్లు తెప్పించిన కాపీ ఒకటి బాబాయిగారు పట్టుకొచ్చి, ఇంగ్లీషు నాకు రాదు, నువ్వు చదువు అన్నారు. నేను చదివి తెలుగులో చెప్పాను. ‘వాహనాలు చక్కటి ఫలితాలు ఇస్తున్నాయని అనుభవజ్ఞులైన స్థానిక సిబ్బంది సంతృప్తి వెలిబుచ్చారు.’

“సంతృప్తి అంటె ఏంది, ఖుషీనా?”

“అవునండి.”

“నేను ఖుషున్నన్నని రాసిన్రా?”

మీరేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి అన్నాను. చెప్పారు. నేను తల పట్టుకున్నాను. మా వైపు పండాయంటే బాగా కలిసొచ్చాయని అర్థం బాబాయిగారూ అంటే, “గంత పెద్దమనిషికి పండుడంటె తెల్వదా?” అన్నారు. నాకు మాత్రం తెలుసా? పాప విషయంలో నేనూ బిత్తరపోయిన దాన్నే. అయితే నేను ఏమిటని అడిగాను. ఒక్క బానెట్టు ఎత్తి చూపించమంటే ఆ ఎంపీ సొమ్మేం పోయేది? అసలు దేశం నలుమూలల నుంచీ ఇంత దూరం వచ్చింది ఎందుకట? పూలదండలకా, బిర్యానీకా? థూ!

మాట దిద్దమని కమిటీకి ఉత్తరం రాద్దామన్నారు బాబాయిగారు. మా ఆఫీసు కంప్యూటరు మీద నేనే టైపు చేశాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా పని, ఉత్తరం ఎంత సేపు! అది ఢిల్లీ చేరి, అక్కడి నుంచి తిరిగి తిరిగి డిపో ఆఫీసరు బల్ల మీదకే వచ్చింది. ‘నేను పొరపడి రాశాను, నాకే ఫిర్యాదూ లేదు’ అని బాబాయిగారిని సంతకం చెయ్యమన్నారు. “దస్తకత్ పెట్టు, ఇంట్ల ఆరాంగ ఉండు అన్నడు. పెట్టనన్న” అని మాత్రం చెప్పారు. మర్నాటి నుంచి ఆయన్ని తుక్కు షెడ్డులో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పిన చేతులకు బోల్టులు ఏరే పని.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. లోక్‌సభ రద్దయింది, దాంతో కమిటీ కాలం కూడా ముగిసింది, కాబట్టి మీ వినతి మీద చర్యకు వీల్లేదు అని.

“మరి పుస్తకం రద్దు గాలేదా?” అన్నారు బాబాయిగారు.

లేదండి, అది ఉంటుంది అన్నాను. తప్పు దిద్దేవాళ్లు రద్దవుతారు, తప్పు మాత్రం లైబ్రరీలో భద్రంగా ఉంటుంది.

ఆ వేసవిలోనే కొండల మీద యుద్ధం మొదలైంది. డిపో నుంచి బండ్లు పంపమని ఆర్డరు. రైలెక్కించడానికి వాటిని ఒకదానికొకటి మోకులు కట్టి స్టేషను దాకా లాక్కెళ్లారు. తుక్కు షెడ్డు గుమ్మంలో నిలబడి ఆయన చూశారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. టీవీలో ఎవరో నాయకుడు సర్వసన్నద్ధంగా ఉన్నామంటుంటే పోయి ఆపేశారు. “ఆడ దెబ్బ తగిలినోడు అంబులెన్సొస్తదని సూస్తుంటడు. ఖుషున్నమని రాసింది నా పేరు మీదనే గద బిడ్డా” అన్నారు. పుస్తకంలో మీ పేరు లేదు బాబాయిగారూ, సిబ్బంది అనే ఉంది అన్నాను. “నాకు ఎర్కనే గద” అన్నారు.

రిటైరయ్యారు. ఎన్నికలయ్యాయి, కొత్త సభ వచ్చింది. కొత్త కమిటీకి మళ్లీ రాద్దాం అని మూడుసార్లు అడిగారు. మా ఆఫీసు కొత్త బిల్డింగులోకి మారుతోంది, రోజూ విదేశీ అతిథులు, సగం కూడా తయారుకాని సాఫ్ట్‌వేర్‌ను పూర్తయినట్టు చూపించే హడావుడిలో నేనున్నాను. వచ్చేవారం చేద్దామండీ అన్నాను మూడుసార్లూ. జర తీరిక చేస్కో బిడ్డా అన్నారే తప్ప విసుక్కోలేదు. ఆ ఎంపీని తిట్టిన నోటితో నన్ను నేను ఏమని తిట్టుకోవాలి? ఆయన కనీసం ఒక్కసారి అడిగి వెళ్లిపోయాడు. నేను రోజూ బాబాయిగారి గుమ్మం ముందు నుంచే మెట్లెక్కాను.

పదకొండో రోజు అయ్యాక పిన్నిగారు మెల్లగా పైకి వచ్చారు. చేతిలో ఆ నివేదిక కాపీ. “నా పేరు మీద రాయి బిడ్డా. మా ఆయన ఖుషున్నని అనలేదని రాయి.”

ఆఫీసుకు సెలవు పెట్టి, అప్పటికప్పుడు చేత్తోనే రాశాను. అర పేజీ. దానికి ఏడాది తీరిక లేకపోయింది నాకు. ఆవిడకు సంతకం రాదు, కింది కిరాణా కొట్టు నుంచి స్టాంపు ప్యాడు తెచ్చి వేలిముద్ర వేయించాను.

“గా మాట యాడున్నది?” అన్నారు నివేదిక నా ముందుకు జరిపి.

పేజీ తీసి ఆ వాక్యం చూపించాను. ఆవిడ బొటనవేలు మళ్లీ సిరాలో అద్ది, వాక్యం మీద పెట్టి గట్టిగా ఒత్తారు. అక్షరాలు కనిపించకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ ఒత్తారు. తర్వాత ఆ నీలం వేలిని చీరకు తుడవకుండా, ఎత్తి పట్టుకుని, మా గడపలో అలాగే కూర్చుండిపోయారు.