గద్వాల నుంచి వచ్చిన డ్రమ్ము

మొన్న చెవి డాక్టరు నా చెవిలోకి లైటు వేసి చూసి, లోపల డ్రమ్ము పలచబడిందమ్మా అన్నాడు. చెవిలో డ్రమ్మేమిటని నేను పకపకా నవ్వేశాను. నా ఈడు వాళ్లెవరైనా పక్కన ఉండి ఉంటే గోపాల్‌పేటలో మా అక్క పెళ్లి సంగతి అక్కడే విప్పేదాన్ని.

అప్పటికి నాకు పదేళ్లుంటాయేమో. వనపర్తి బ్యాండు లేకుండా ఎదుర్కోలు జరగడానికి వీల్లేదని మగపెళ్లివారు పట్టుబట్టారు. అక్క మామగారు మాట దాటితే పీటల దగ్గరే అలిగే మనిషి. తీరా బ్యాండు వాళ్లకు కబురు పెడితే, బూరలన్నీ ఉన్నాయి కానీ డ్రమ్ము చర్మం చినిగిపోయిందన్నారు. గద్వాలలో పత్తి మిల్లులో పనిచేసే మా మేనమామ ఎక్కడో ఒకచోట సంపాదిస్తాడని నాయిన అటు పోయే బండి మనిషితో, "మంచి డ్రమ్ము కావాలె, పెద్దగుండాలె, గట్టిగుండాలె అని చెప్పు" అని కబురంపాడు.

మామ రానే వచ్చాడు. మగపెళ్లివారు ఊరి పొలిమేరలో దిగి, మా మేళం కోసం చూస్తున్న సమయానికి బండి వాకిట్లో ఆగింది. పిల్లలమంతా కేకలేస్తూ చుట్టూ మూగాం. మామ గొంగడి లాగేసరికి లోపల నల్లగా, మా నడుము కన్న ఎత్తుగా ఇనుప పీపా! మిల్లుకు నూనె వచ్చే పీపాలను అక్కడ డ్రమ్ములంటారట.

"గిదేందిరా?" అన్నాడు నాయిన.

"డ్రమ్మే గద బావా! పెండ్లి నీళ్లకు గింతకన్న పెద్దది యాడ దొరుకుతది? కృష్ణ దాటేటప్పుడు పుట్టి పడవ అటిటు ఊగుతుంటే ఒళ్లె పట్టుకోని కూసున్న."

నాయిన తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అవ్వ మాత్రం పీపా చుట్టూ తిరిగి, బూడిదేసి తోమితే ఇంటికంతా నీళ్లు పడతాయని మురిసిపోయింది. సంగతి తెలిశాక మామ ముఖం చిన్నబోయింది. ఆయన అక్కను ఎత్తుకుని పెంచిన మనిషి, ఆ పెళ్లి తన వల్లనే చెడిపోయేలా ఉందని కండువాతో కళ్లొత్తుకుంటుంటే, పసుపు బట్టల్లో ఉన్న అక్క గడప దాకా వచ్చి, "అదే కొట్టమనుండ్రి నాయినా, ఏమైతది? మామ తెచ్చిండు" అన్నది. పెళ్లికూతురు అంత గట్టిగా మాట్లాడడం మా ఇంట్లో అదే మొదలు.

అప్పటికే బూరలతో వచ్చి ఉన్న బ్యాండు పెద్ద ఒకసారి పీపాను వేళ్లతో తట్టి, ముఖం వెలిగిపోయి, కట్టెలకు గుడ్డలు చుట్టించాడు. పీపాను మళ్లీ బండెక్కించారు. మొదటి దెబ్బకే ఊళ్లో కుక్కలన్నీ లేచాయి, నా గుండెల్లో ఉరుము దొర్లినట్లయింది. బూరలు అందుకున్నాయి. మేము గంతులేస్తూ బండి ముందు పరుగెత్తాం. పొలిమేరకు చేరేసరికి పెళ్లికొడుకు బండి ఎడ్లు బెదిరి జొన్న చేలో పడ్డాయి. బాసికంతోనే ఆయన కిందికి దూకి, పగ్గాలు పట్టి, ఆపుకోలేక నవ్వుతూ నిలబడ్డాడు. అక్క మామగారు కోపంతో ముందుకొచ్చారు.

"ఈ డ్రమ్ము యాడిది?"

"గద్వాల నుంచి తెప్పిచ్చినం," అన్నాడు మామ పీపా వెనక నుంచి.

"నా చిన్నకొడుకు పెండ్లికి గూడ గిదే తేవాలె. జర యాదిపెట్టుకో!"

ఆ సాయంత్రం మామను ఊళ్లో నలుగురు భుజాల మీద ఎత్తుకున్నారు.

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు మాట మా ఊరికి వస్తే కొత్త అల్లుడు వచ్చినట్లే ఉండేది; అందరూ దాన్ని తలొక వైపు నుంచి చూసి, తలొక పని చెప్పి, తమ మనిషిని చేసుకునేవారు. ఇప్పుడు మా ఇంట్లో పూటకు వంద వస్తాయి, పోతాయి. ఎవరూ తలెత్తి చూడరు. ఎవరూ పొరపడరు కూడా.