పులసగారు గోడ పట్టుకుని నడుస్తున్నారండి

రోబోల పోటీ చరిత్ర రాసిమ్మని మా కాలేజీ వాళ్ళు కబురు పెట్టారు. ఈ ఏడాది నుంచి పోటీ అంతా ఆన్‌లైన్‌లోనేనట, ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని చూసుకోవచ్చట. అందుకని వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఒక పేజీ చరిత్ర, దొరికితే మా అక్కగారు మాట్లాడుతున్న వీడియో ఒకటి కావాలన్నారు. రిటైరై అమలాపురంలో ఒక్కర్తినే ఉంటున్న మనిషిని ఇలాంటి పనులు అడగడం అందరికీ సులువే, ఖాళీ లేదనడానికి ఉండదు కదా. సరేనని పాత ప్రోగ్రాములు దాచిన డిస్కు తీసి, మొట్టమొదటి ఏడాది ఫైనల్ నడిపించి చూశాను. తెర మీద రెండు రోబోలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. గడువు అయిపోయేదాకా అలాగే నిలబడి ఉన్నాయి. ఆ రోజు హాలంతా ఇదే చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నిన్న నాకు నవ్వు రాలేదు.

అక్కగారంటే తోడబుట్టినావిడ కాదు, మా డిపార్ట్‌మెంట్‌లో నాకంటే సీనియర్. రోజూ రాజోలు నుంచి బస్సులో వచ్చేవారు. ఆదివారం చర్చిలో పాటలు నడిపించే గొంతు, సోమవారం క్లాసులో కూడా కాస్త మిగిలేది. మధ్యాహ్నం ల్యాబ్ బయట చెప్పులు విడిచి, ఏసీ చల్లదనంలో కూర్చుని ఇద్దరం క్యారేజీలు విప్పేవాళ్ళం. ఏసీ కంప్యూటర్ల కోసం పెట్టించింది, మేము వాటి బంధువుల్లా అనుభవించాం. ఆవిడ పనసపొట్టు కూర తెచ్చిన రోజున ల్యాబంతా ఆవపెట్టిన ఘాటు నిండిపోయేది, సాయంత్రం దాకా పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూనే ప్రోగ్రాములు రాసేవారు. ఈ పోటీ పెడదామన్న ఆలోచన కూడా అలాంటి ఒక మధ్యాహ్నం ఆవిడకే వచ్చింది.

తెర మీద రోబోలు ఒకదాన్నొకటి కాల్చుకునే ఆటే అయినా, ఇది చేత్తో ఆడేది కాదు. తమ రోబో ఎప్పుడు కదలాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు కాల్చాలో ప్రతి జట్టూ ముందే ప్రోగ్రాముగా రాసి ఇచ్చేయాలి. ఆట మొదలయ్యాక ఎవరూ వేలు పెట్టడానికి లేదు. “అత్తారింటికి పంపేసేక మనం చెప్పేదేముంటుందండీ, చూస్తూ కూర్చోడమే” అనేవారు అక్కగారు. పిల్లలందరికీ పాఠం చెప్పిందీ ఆవిడే. ఎదుటివాళ్ళు కాల్చాకే మనం కాల్చాలి, తూటాలు వృథా చెయ్యకూడదు అని నేర్పారు. పిల్లలు బుద్ధిమంతులు, ఒక్కరూ ఆ మాట జవదాటలేదు. దాంతో ఫైనల్లో రెండు రోబోలూ ఎదుటిది కాల్చేదాకా ఆగుదామని ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్‌గారు సిస్టమ్ పాడైందా అని నా వైపు తిరిగారు. అక్కగారు లేచి మైకు అందుకున్నారు.

“ఆయ్, ఏమీ పాడవలేదండి. మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని మొహమాటపడుతున్నారంతే. మన వైపు వాళ్ళు కదండీ.”

ఆ నవ్వుతో పోటీ బతికిపోయింది. మరుసటి ఏడాది నుంచి ఊరికే నిలబడితే మార్కులు పోతాయని నియమం పెట్టాం, అక్కగారి మైకు మాత్రం అలాగే ఉంచేశాం. రోబో ఎవరిదైనా పేరు చివర “గారు” అనకుండా ఆవిడ పిలిచేవారు కాదు. పులస అని పేరు పెట్టిన రోబో ఒకటి దారి తప్పి అంచునే పాకుతుంటే “పులసగారు గోడ పట్టుకుని నడుస్తున్నారండి. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చేరు” అన్నారు. ఓడిపోయిన రోబో పేలిపోతే “వెళ్ళొస్తామంటున్నారండి, భోంచేసి వెళ్ళమనండి” అనేవారు. ఓడిన జట్టే ముందు నవ్వేది. రామచంద్రపురం, కొత్తపేట వైపు నుంచి కూడా పిల్లలు బస్సులెక్కి వచ్చేవారు. యూనివర్సిటీ వాళ్ళు దీన్ని తమ పోటీగా తీసుకున్నాక ఒక ఏడు కోటు వేసుకున్న యాంకర్ను పెట్టారు. అతను గొంతు చించుకున్నాడు, పిల్లలు ఆవులించారు. ఆ పై ఏడు మళ్ళీ అక్కగారే. రిటైరయ్యాక కూడా ఆ ఒక్క రోజుకి ఇద్దరం వెళ్ళేవాళ్ళం.

పోయిన ఏడాది ముసురు పట్టిన రోజుల్లో ఆవిడ వెళ్ళిపోయారు, పెద్దగా జబ్బు పడకుండానే. అప్పట్నుంచి నేను పనసపొట్టు కొనలేదు. ఒక్క మనిషికి ఎంతని వండుకోను? ఆవపెట్టిన కూర గురించి మాట్లాడుకునే మనిషి లేకపోతే అది ఉత్త కూర. ఎంత ఒంటరితనమంటే, ఫోన్ మోగితే అది వేరే ఎవరో అని తెలిసి కూడా ఆవిడేమో అనుకుంటాను.

కాలేజీ అడిగిన వీడియో కోసం పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేశాను. కాలేజీకి కావాలన్నది ఒక వంక, ఆ గొంతు నాకే కావాలి. పులసను రాసిన అతను ఇప్పుడు ఐ.పోలవరంలో రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. “ఒకటుందండి మేడంగారూ. కానీ పెద్ద మేడంగారు మాట్లాడినప్పుడల్లా మా నవ్వులే పడ్డాయండి. ఆవిడ గొంతు రాలేదు” అన్నాడు. నిజమే. అతను పంపించింది చూశాను. మైకు పట్టుకుని ఆవిడ పెదవులు కదులుతున్నాయి, పైన హోరున నవ్వు.

ఆ వీడియోలో పులస ఆడిన ఆట ప్రోగ్రాము నా దగ్గరుంది. రోబోలు అవే, మొదట నిలబడిన చోట్లూ అవే అయితే ఎన్నిసార్లు నడిపినా అదే ఆట, పొల్లుపోదు. నడిపించాను. పులస మూలకు వెళ్ళి అక్కడే గిరగిరా తిరిగింది. వీడియోలో సరిగ్గా అక్కడే అక్కగారు ఏదో అన్నారు. దారి అడుగుతున్నారండి అన్నట్టు గుర్తొచ్చింది. మళ్ళీ నడిపించాను. వాకిట్లో ముగ్గు పెడుతున్నారండి అన్నట్టు తోచింది. ఇంకోసారి నడిపితే ఆ రెండూ ఆవిడ మాటలు కావేమో, నేనే కల్పించానేమో అని భయం వేసి కంప్యూటర్ కట్టేశాను. చరిత్ర పేజీలో ఆ మాట రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఏనాటి ఆటైనా మీట నొక్కితే ఉన్నదున్నట్టు తిరిగొస్తోంది. అక్కగారు మాత్రం, కాలం గడిచేకొద్దీ, నేను తలుచుకున్న ప్రతిసారీ ఇంకాస్త నా మాటలే మాట్లాడుతున్నారు.