నిండు వెండి

ఎల్లారెడ్డి బజారులో నాలాంటి బేరగాడు పుట్టలేదు. పెళ్లాం సమాధికి పైసా ఖర్చు లేకుండా జాగ సంపాదించిన మొనగాణ్ణి నేను.

మేమిద్దరం క్రైస్తవంలో కలిసినప్పటి నుంచి మా కులపు దుకాణదారులు మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. ఆమె జ్వరంతో పోయిన నాడు శ్మశానంలోనూ చోటివ్వలేదు. క్రైస్తవుల సమాధులు కామారెడ్డిలో ఉన్నాయి. ముసురులో బండి అంత దూరం పోదు. ఊరి పటేలు దగ్గరికి పోయి, ఆయన మెట్ట చెలక మూలన ఇంత జాగ అమ్మమన్నాను.

"పీనుగకు పైసలు తీసుకుంటనా సావుకారీ? నీదే అనుకో, పో," అన్నాడు పటేలు, నలుగురి ముందు.

మా దిక్కు అది మర్యాద మాట. కొనేవాడు "గట్ల గాదు పటేలా, తీసుకోవాలె" అని బతిమాలాలి. అమ్మేవాడు కాసేపటికి మెత్తబడి ధర చెప్పాలి. గల్లా పక్కన పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు కనుకనే, ఆ మాటే ఖాయమన్నట్టు దండం పెట్టి లేచాను. పటేలు మొహం చిన్నబోయింది. అంత దుఃఖంలోనూ నాకు లోపల గెలిచినట్టే ఉంది.

మరుసటేడు వానలకు కామారెడ్డి నుంచి పాదిరి వచ్చాడు. హెబ్రీ చదువుకున్న ముసలాయన. నన్ను ఓదార్చడానికి, అబ్రాహాము తన భార్యను పాతిపెట్టేందుకు గుహ కొన్న వచనం తీశాడు. తెలుగులో 'నిండు వెల' అని ఉంది.

"హెబ్రీల 'కెసెఫ్ మాలే'. కెసెఫ్ అంటే వెండి. మాలే అంటే నిండుగ. కుండ నిండినంక చుక్క పట్టదు సూడు, గట్ల."

"గుహ ఆసామి ఊకనే ఇస్తనన్నడు గద అయ్యగారూ?"

"అన్నడు. 'నాతన్', ఇచ్చుడన్న మాట, మళ్ల మళ్ల అన్నడు. అబ్రాహాము ఆ మాట ఇంటే గద! తూచి ఇచ్చిండు. అది గూడ ఎసొంటి వెండి? 'ఓవేర్ లస్సోఖేర్'. వర్తకుని చేతిల చెల్లేటిది."

"బేరం చెయ్యలేదా?"

"పెండ్లాన్ని మట్టిల పెట్టెటందుకు బేరమా? నువ్వయితే చేసెటోనివేమో!" అని నవ్వాడు. నా సంగతి ఆయనకు తెలియదు.

మరునాడే నిజాం హాలీ వెండి రూపాయలు మూటగట్టుకుని బయలుదేరాను. పటేలు అప్పటికే కాలం చేశాడు. చెలకలో ఆయన కొడుకు ఎడ్లతో ఉన్నాడు. మూలతో సహా దున్ని జొన్న వేశాడు. నేను పాతిన రాయి గట్టు మీద పడి ఉంది.

"ఈడ నా పెండ్లాం ఉన్నది బిడ్డా."

"మా బాపు అమ్మిండా? పైసలిచ్చినవా?"

"ఇయ్యలే. ఇప్పుడిస్త. ఎంతంటే గంత."

"ఏ జాగకిస్తవ్? ఏడుందో సూపియ్యి."

సాళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను చూపించలేకపోయాను.

"బాపు ఊకనే ఇచ్చిండు, నేను ఊకనే తీసుకున్న. లెక్క సాఫ్," అని అతను ఎడ్లను అదిలించాడు.

లెక్క ఇది. ఆ మూలకు అప్పటి ధర ఇరవై రూపాయలు. నేనిచ్చింది సున్న. ఇరవై నా దగ్గరే ఉన్నాయి. ఆమెకు ఆ జాగ దక్కింది ఒక వానకాలం, ఒక యాసంగి పంటకాలం.