బరువెక్కిన పేజీ

ఆ ఆదివారం గోల్ బజార్ నుంచి కూరల సంచితో ఇంటికి వచ్చేసరికి నాన్న ఫోన్ ముందు కూర్చుని ఉన్నారు. నేను బయల్దేరినప్పుడూ అలాగే కూర్చున్నారు. తెర మీద తెల్లటి పేజీ, మధ్యలో తిరుగుతున్న చిన్న చక్రం.

"మళ్లీ నొక్కి చూడలేదా నాన్నా?"

"ఒకపాలి నొక్కీసేను కదరా. అది రాకుండా ఇంకోటి పంపుతామేటి?"

నాన్న స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. ఒక బండి అవతలి స్టేషన్ చేరిందని తెలిసేదాకా ఆ లైను మీదికి రెండోదాన్ని వదలని ఉద్యోగం అది.

"వారం రోజుల్నుంచీ ఇదే పని," వంటింట్లోంచి అమ్మ అంది. "టిఫిను సల్లారిపోనాది. ఆయనకేటయిందో సూడరా ముందు."

ఆయన అంటే పలాస వైపు ఉండే మరో రిటైరైన స్టేషన్ మాస్టరు. నాన్న ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. రైల్వే వాళ్లు కబుర్లాడుకునే ఒక చర్చా సైట్లో పరిచయం. ఆ సైట్లో బొమ్మలు లేవు, హంగులు లేవు, అక్షరాలు తప్ప. పాత ఫోన్లో కూడా ఇట్టే తెరుచుకుంటుంది కాబట్టే అక్కడ అంతమంది చేరారు. వీళ్లిద్దరి చర్చ పాతకాలపు సిగ్నళ్లతో మొదలై, మోకాళ్ల నొప్పుల మీదుగా, ఆయన గుండె దాకా వచ్చింది. "రేపు ఆపరేషన్. అయ్యాక ఇక్కడే రాస్తాను" అన్నది నాన్న చదివిన ఆఖరి మాట. ధైర్యం చెబుతూ నాన్న జవాబు పెట్టారు. ఆ తర్వాత పేజీ తెరుచుకోలేదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలని ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

నేను సిర్గిట్టి పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూస్తాను. ఏది ఆగినా కారణాలన్నీ వరసగా అనుకుని ఒక్కొక్కటే కొట్టేయడం నా పద్ధతి. నెట్ బాగానే ఉంది, అమ్మ ఫోన్లో వంటల వీడియో ఆగకుండా నడుస్తోంది. ఫోన్ తప్పు కాదు, నా లాప్‌టాప్‌లోనూ అదే చక్రం. సైట్ పడిపోలేదు, మిగతా చర్చలు నొక్కగానే వస్తున్నాయి. మిగిలింది ఈ ఒక్క చర్చే.

"అచ్ఛా," అన్నారు నాన్న. గొంతు తగ్గింది. "ఆయన ఇంట్లోవోళ్లు దీన్ని మూయించీలేదు కదా?"

లాప్‌టాప్‌లో ఆ పేజీని మూయకుండా ఉంచాను. చాలాసేపటికి పేజీ పైభాగం కొంత దిగి మళ్లీ ఆగింది. ఆ కొంతే నాకు చాలు. ఆయన రాసిందంతా కాపీ చేసి, దాని కింద నాన్న జవాబు. అదంతా కాపీ చేసి, దాని కింద ఆయన జవాబు. మళ్లీ నాన్న. ఒకదాని కడుపులో ఒకటి, అందులో ఇంకొకటి, నెలల తరబడి. పేజీ కదల్లేనంత బరువెక్కింది.

"ప్రతిసారీ మొత్తం ఎందుకు నాన్నా?"

"కంట్రోల్ ఆఫీసోళ్లు ఫోన్లో ఏటి సెప్పినా తిరిగి సెప్పాల్రా. సెప్పకపోతే మనకి అందినట్టు అవతలోడికి ఎలా తెలుస్తాది?"

ఆ సైట్లో మనిషి పేరు మీద నొక్కితే ఆయన చివరగా రాసింది ఒక్కటే విడిగా వస్తుంది. నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి వెనక నిలబడింది. పేజీ వచ్చింది.

పైన పాత సిగ్నళ్లు, కిందికి జరిపితే మోకాళ్లు, గుండె, ఆ తర్వాత నాన్న ధైర్యం చెప్పిన మాటలు. అంటే ఆ జవాబు అక్కడికి చేరింది. కానీ దీన్ని రాసిందెవరు? కొడుకో కోడలో కబురు పెట్టి ఉండవచ్చు. నేను ఇంకా కిందికి జరపబోయాను.

"ఆగు," అన్నారు నాన్న. "ఆయనేరా!"

"ఇంకా కిందికి వెళ్లలేదు నాన్నా."

"ఎల్లక్కర్లేదు. ఇంట్లోవోళ్లయితే ఇదంతా తిరిగి సెప్తారేటి?"

అడుగున నిజంగానే ఉంది. "ఆపరేషన్ బాగా అయింది. ఇంటికి వచ్చేశాను. ఈ పేజీ మా ఊళ్లో తెరుచుకోవడం లేదు, పక్కింటి అబ్బాయి ఏదో చేసి పంపుతున్నాడు. ఆ తర్వాత మీ నుంచి మాట లేదు. మీరు కులాసాయేనా?"

నాన్న కుర్చీలో వెనక్కి వాలారు. "కాఫీ ఏదే?"

"పొద్దుట పెట్టిందే. మీ మోచేతి పక్కనే ఉంది, సూడండి," అని అమ్మ నవ్వుతూ ఆ గ్లాసు తీసుకుని వేడి చేయడానికి వెళ్లింది.

వాళ్లిద్దరి కోసం కొత్త చర్చ ఒకటి తెరిచాను. నొక్కీ నొక్కగానే వచ్చింది. ఇక మీదట పైదంతా కాపీ చేయవద్దని, కొత్త మాట ఒక్కటే రాస్తే చాలని చెప్పబోయాను. అప్పటికే నాన్న వేలు ఆయన జవాబు మొదటి అక్షరం మీద ఉంది. అక్కడ్నుంచి చివరి దాకా ఓపిగ్గా లాగి, కాపీ చేసి, కొత్త పేజీలో పెట్టి, దాని కింద "అందింది. నేను కులాసా" అని రాశారు.

పోనీలే. ఇది కూడా బరువెక్కితే ఇంకొకటి తెరుస్తాను.