చివర పెట్టిన మాట

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ ఒక దినపత్రికకు విలేకరిని. ఆఫీసులు సగం గుడారాల్లోనే నడిచేవి. నెలకో ఆదివారం బస్సెక్కి మైదుకూరులో అక్కావాళ్ల ఇంటికి పోయేవాణ్ణి. బావకు పసుపు వ్యాపారం.

అలా పోయిన ఒకసారి, రోడ్డు పక్క బంగళా వసారాలో మగవాళ్లు బారుగా నిలబడి కనిపించారు. కడప నుంచి ఒక డాక్టరు ప్రతి ఆదివారం వచ్చి ఉచితంగా నడుములు చూస్తున్నాడు. పంచె బిగించి కట్టేచోట మనవాళ్లకు చర్మం నల్లబడి కాయ కాసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒరుసుకుని కొందరికి అక్కడ పుండు లేస్తుందనీ, అది మానకపోతే క్యాన్సరు కావచ్చనీ, తొలిరోజుల్లో అయితే చిన్న కోతతో పోతుందనీ ఆయన చెప్పాడు.

"నడుం మీద నెలరోజులకు కూడా మానని పుండు ఉంటే వచ్చి చూపించుకొమ్మని రాయండి. ఆ ఒక్క మాట చాలు" అన్నాడు.

రాసుకున్నాను. అంతలో పంచె వదులు చేసి నిలబడ్డ ముసలాయన ఒకడు, "సామీ, నా పెండ్లాం గూడా ఇంత దగ్గరగా చూల్లేదే!" అన్నాడు.

"చూసింటే ఆ పొద్దే పుట్టింటికి పోయుండు, తాతా!" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. వసారా గొల్లుమంది. డాక్టరూ నవ్వాడు.

మరునాడు వార్త రాశాను. ముసలాయన మాటతో ఎత్తుకున్నాను. బారునూ, జారే పంచెలనూ, నవ్వులనూ వర్ణించాను. డాక్టరు అడిగిన మాట చిట్టచివర పెట్టాను. పత్రికలో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. విలేకరి పనిలో చేరిన మొదటి వారంలోనే తెలిసే సంగతి అది.

"పెండ్లాం కూడా చూడనిది!" అనే శీర్షికతో, చుట్టూ గీతలు కట్టి వేశారు. చివరి మాట లేదు. టీ అంగళ్లలో జనం పైకి చదువుకుని నవ్వారు. గుడారాల దగ్గర ఒక పెద్ద ఆఫీసరు నన్ను ఆపి మెచ్చుకున్నాడు. ఆ వారం నా నడకే మారింది.

మరుసటి నెల మైదుకూరులో దిగేసరికి బంగళా వసారా బోసిగా ఉంది. డాక్టరు కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"మీ వార్త చదివాను. నేను చెప్పింది కనిపించలేదు" అన్నాడు.

"చివర రాశానండీ. కోసేశారు."

"చివర ఎందుకు రాశారు?"

ముందు పెడితే నవ్వు చెడుతుందని. అది చెప్పకుండా, బస్సుబడలికని వంక పెట్టి వచ్చేశాను. తర్వాత కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడని విన్నాను.

ఎనిమిది నెలలకు బావ గజ్జల్లో గడ్డలు లేచాయి. నడుం మీద పుండు అప్పటికి ఏడాదిగా ఉంది. పసుపూ ఆముదమూ పెట్టుకుంటూ, అక్కకు కూడా చూపలేదు. మద్రాసుకు తీసుకుపోయాం. చాలా ఆలస్యమైందని అక్కడి వాళ్లు నాతో విడిగా చెప్పారు.

మంచం మీద పడుకుని బావ అన్నాడు: "ఆ బంగళా డాక్టరు దగ్గరికి పోదామనే అనుకుంటి బామ్మర్దీ. అంతలో నీ పేపరొచ్చె. మండీలో ఒకటే నవ్వు. 'ఏమప్పా, నువ్వెప్పుడు ఇప్పుతాండావు?' అని. ఇంగ యాడ పోయేది?" నావైపు ఒత్తిగిలి, "ఆయప్ప పుండు సంగతి ఏమన్నా చెప్పినాడా ఆ పొద్దు?" అని అడిగాడు.

"చెప్పినాడు బావా. రాసినా. పేపరోళ్లు కోసేసినారు."

"అట్లనా." నా చెయ్యి పట్టుకున్నాడు. "దానికి నువ్వేం జేస్తావులే. మొగం అట్ల పెట్టుకోవద్దు."

చివర ఎందుకు రాశావని డాక్టరు అడిగినట్టు బావ అడగలేదు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

పసుపు కొత్తపంట మండీకి రాకముందే బావ పోయాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అక్క చెప్పేది: "మా తమ్ముడు రాసినాడంట. వాళ్లే కోసేసినారంట." ఆమె పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి. వచ్చినవాళ్లు నావైపు జాలిగా చూసేవాళ్లు. నేను తల ఊపేవాణ్ణి.