ఆరు మిల్లీమీటర్ల తేడా

ఆసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది దాటాక, కిటికీ లేని చిన్న గది ఒకటి ఉంది. అందులో పనిచేసే ఆవిడను పై అంతస్తులవాళ్ళు అతుకులమ్మ అంటారు. ముఖం మీద కాదు. ఎదురుపడితే కదా అనడానికి!

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. మెదడుకు ఆపరేషన్ చేయబోయే మనిషికి రెండు రకాల స్కానింగులు తీస్తారు. సి.టి.లో ఎముక గీత గీసినట్టు కనిపిస్తుంది కానీ మెదడు మసకగా ఉంటుంది. ఎం.ఆర్.ఐ.లో మెదడు మడత మడతా లెక్కపెట్టొచ్చు, ఎముకే సరిగా తెలియదు. ఆ రెండు బొమ్మలనూ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాలి. పైన సర్జన్ గారు ఆ జతబొమ్మను చూసుకుంటూనే కత్తి ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటారు.

వేల తలలు ఆవిడకు లోపలినుంచి తెలుసు. వాటి ముఖాలే తెలియవు. ఇంట్లోనూ అంతే, అమ్మ పోయిన మూడేళ్ళుగా పలకరించే దిక్కు లేదు. ఆదివారాలు చెల్లెలు ఫోన్ చేసి, తన కబుర్లన్నీ అయ్యాక, "నీకేం అక్కా, హాయిగా ఉన్నావు" అని పెట్టేస్తుంది. ఆ ఫోన్లో కొట్టిన ఊ తప్ప, శనివారం నుంచి సోమవారం దాకా ఆవిడ గొంతు ఆవిడకే వినపడదు.

ఆ బుధవారం పొద్దున వచ్చిన తల ఒక లెక్కల టీచరుది. వయసు నలభై. ఎడమవైపు, మాట పుట్టే చోటును ఆనుకుని గడ్డ. ఎం.ఆర్.ఐ. పన్నెండు రోజుల కిందటిది, సి.టి. ఆ ఉదయం తీసింది. యంత్రం రెండు నిమిషాల్లో రెంటినీ జత చేసి, సరిపోయిందని పచ్చగుర్తు వేసి, పైకి పంపేసింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేస్తారు. అతుకులమ్మకు మాత్రం ఒక బొమ్మను రెండోదాని మీదనుంచి తెర లాగినట్టు మెల్లగా జరిపి చూసుకుంటే గాని మనసు ఒప్పదు.

ముక్కుదూలం కలిసింది. కంటికొసలు కలిశాయి. చెవి రంధ్రాలు, పుర్రె అంచులు, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. మెదడు నడుమ నీళ్ళుండే అరల దగ్గరకొచ్చేసరికి ఒక అంచు ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. కొలిచింది. ఆరు మిల్లీమీటర్లు. పన్నెండు రోజులు మందులు పడ్డాక వాపు తగ్గి, పక్కకు ఒరిగిన మెదడు వెనక్కి జరిగింది. యంత్రం ఎముకను చూసి సరే అనేసింది.

ఆపరేషన్ థియేటరుకు ఫోన్ చేస్తే, డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారనీ, పచ్చగుర్తు వచ్చాక ఇంకేం కావాలనీ నర్సు అంది. ఆవిడ ఫోన్ పెట్టేసింది. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అయినా లేచింది. లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులూ మెట్లెక్కింది.

సర్జన్ గారు తడిచేతులు పైకెత్తి పట్టుకుని ఉన్నారు.

"పచ్చగుర్తు వచ్చిందిగా అమ్మా?"

"ఎముక మీద ఎముక సరిగ్గానే కూర్చుందండీ. లోపల మెదడు జరిగింది. ఆరు మిల్లీమీటర్లు."

"వాపు తగ్గితే కాస్త జరుగుతుంది. అది నేను చూసుకోలేనా?"

"చూసుకోగలరండీ. కానీ ఆ బొమ్మ నా చేతిమీదుగా వచ్చింది. తేడా ఉందని తెలిసీ ఊరుకోలేను."

ఆయన కంప్యూటరు తెర దగ్గరికి నడిచి చాలాసేపు చూశారు. మెచ్చుకోలేదు, విసుక్కోలేదు. మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీయించమని, ఆపరేషన్ మధ్యాహ్నానికి మార్చమని చెప్పి చేతి తొడుగులు వేసుకోకుండానే బయటికి వెళ్ళిపోయారు.

స్కానింగు గది ఖాళీ అయ్యేదాకా టీచరు ట్రాలీ వరండాలోనే ఆగిపోయింది. నర్సు అటు వెళ్తూ, కాస్త కనిపెట్టుకుని ఉండమంది. అతుకులమ్మ మొదటిసారి ఒక తలకు ముఖం చూసింది. ముక్కు కొంచెం ఎడమకు వంగి ఉంది. ఆ వంపు ఆవిడకు ముందే తెలుసు.

మత్తుకు ముందిచ్చే మందు పడి టీచరు కళ్ళు బరువుగా ఉన్నాయి. ఇక్కడ మీరేం చేస్తారని అడిగింది. ఈ ఆసుపత్రిలో ఆ మాట అడిగిన మనిషి అంతకుముందు లేదు. బొమ్మలు జత చేస్తానని చెప్పింది ఆవిడ.

"పదమూడో ఎక్కం చెప్తాను, తప్పొస్తే ఆపండి," అంది టీచరు. "మాటలు ఉన్నాయో పోయాయో చూసుకుంటున్నా."

పదమూడు ఏళ్ళ తొంభై ఒకటి దాకా బాగానే వచ్చింది. ఎనిమిదుల దగ్గర ఆగి, దిక్కులు చూసి, అతుకులమ్మ చెయ్యి పట్టుకుంది. "నూట నాలుగు," అని ఆవిడ మెల్లగా అందించింది. ట్రాలీ తోసుకుపోయేదాకా నలభై నిమిషాలు ఆ చెయ్యి వదలలేదు. అమ్మ తరవాత ఆవిడ చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు.

మధ్యాహ్నం కొత్త బొమ్మలు కుదిరాయి. నాలుగుసార్లు సరిచూసి పంపింది. ఆపరేషన్ ఎలా అయిందో కిందికి ఎవరూ చెప్పరు. మర్నాడు తీసిన స్కానింగే చెప్పింది: గడ్డ ఉన్న చోట శుభ్రమైన ఖాళీ. అయితే మాట ఉందో లేదో ఏ స్కానింగులోనూ కనిపించదు.

నాలుగు రోజులు తటపటాయించి, ఐదోరోజు చూడవచ్చేవాళ్ళతో కలిసి వార్డుకు వెళ్ళింది. టీచరు తలకు కట్టుతో దిండ్లకానుకుని కూర్చుంది. పక్కన భర్త కమలాపండు ఒలుస్తున్నాడు.

"మీరెవరండీ?" అంది టీచరు, తేరిపార చూసి. "ఎక్కడా చూసినట్టు లేదే. మా బడిలో ఏ పిల్లాడి అమ్మైనా?"

ఒక్క అక్షరం తడబడలేదు. ఆ రోజు వరండా మాత్రం మందు మత్తులో చెరిగిపోయింది.

"కాదండీ. గది పొరపాటు పడ్డాను," అంది అతుకులమ్మ.

ఎలాగూ వచ్చారు, ఒక తొన తీసుకోండని భర్త చెయ్యి చాచాడు. తీసుకుంది. మెట్ల మీద రెండో మలుపులో, ఎవరూ లేనిచోట కూర్చుని నెమ్మదిగా తింది. గింజలు రుమాలులో కట్టుకుని కిందికి దిగింది.